ఆల్ప్స్‌కి మోసుకెళ్ళిన 23 కిలోలు

2023 జులైలో నేను, మా ఆయన, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ఆల్ప్స్ కొండల్లో పది రోజులు తిరిగి వచ్చాం. జ్యూరిక్‌లో దిగి, స్విట్జర్లాండ్‌లోని గ్రిండెల్వాల్డ్‌లో ఐదు రాత్రులు ఉన్నాం. అక్కణ్ణుంచి రైళ్ళు మారుకుంటూ ఫ్రాన్స్‌లోని షామొనీకి వెళ్ళి నాలుగు రాత్రులు గడిపి, జెనీవాలో తిరుగు విమానం ఎక్కాం. టూర్ కంపెనీ ఏదీ లేదు. ప్లాన్ అంతా మా అమ్మాయిదే, సామాన్లు సర్దడం మాత్రం నాది. మనిషికి 23 కిలోల వరకు విమానంలో ఇస్తారన్నారు కదా అని మూడు సూట్‌కేసుల్లోనూ సరిగ్గా 23 కిలోలే పెట్టాను. కాకినాడ తిరిగొచ్చాక విప్పి చూస్తే సగం బట్టలకి ఇస్త్రీ మడత కూడా చెదరలేదు.

ముందు వీసా సంగతి. రెండు మూడు షెంగెన్ దేశాలు (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) తిరిగేవాళ్ళు ఎక్కువ రాత్రులు ఉండే దేశానికి అప్లై చేయాలి. రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. మాకు ఐదూ నాలుగూ కాబట్టి స్విస్ వీసా. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్ళి వేలిముద్రలిచ్చి ఆ రాత్రే వెనక్కి వచ్చేశాం. అప్పుడు ఫీజు పెద్దవాళ్ళకి 80 యూరోలు. 2024 జూన్ నుంచి 90 చేశారు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, వేసవి కోసమైతే ఆలస్యం చేయకండి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలన్నది అందరికీ తెలిసిందే. కొండలకి వెళ్ళేవాళ్ళు ఇంకో మాట కూడా చూడాలి. చాలా పాలసీల్లో సన్న అక్షరాల్లో ట్రెకింగ్‌కి ఇన్ని మీటర్ల ఎత్తు వరకే అనో, హెలికాప్టర్ ఖర్చు మాది కాదనో రాసి ఉంటుంది. మేం మొదట తీసుకోబోయినది అలాంటిదే. అమ్మాయి చదివి మార్పించింది.

ఇక సర్దుడు. జులై కదా అని కొందరు, మంచు కదా అని కొందరు, మా వీధిలో సలహాలు రెండు రకాలుగా వచ్చాయి. నేను ఇద్దరి మాటా విన్నాను. ఒకపక్క కాటన్ చుడీదార్లు ఆరు, ఇంకోపక్క బొంత లాంటి స్వెట్టర్లు, మంకీ క్యాపులు. తీరా చూస్తే కొండల కింద ఉన్న ఇంటర్లాకెన్ ఊళ్ళో మధ్యాహ్నం మన డిసెంబరు ఎండలా ఉంది, చెమట పట్టింది. అదే రోజు పైన మంచు. ఎత్తు ప్రతి 1,000 మీటర్లకీ సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. ఇంటర్లాకెన్ 570 మీటర్లలోపు, మంచుకొండ మీద ఉన్న యుంగ్‌ఫ్రావ్‌యోక్ రైల్వే స్టేషన్ 3,454 మీటర్లు. లెక్క మీరే వేసుకోండి. కింద ఎండాకాలం, పైన చలికాలం ఒకే పూటలో చూడాలి కాబట్టి కావలసినవి లావుపాటి బట్టలు కావు, ఒకదాని మీద ఒకటి వేసుకుని మళ్ళీ తీసి సంచిలో పెట్టుకోగలిగిన పల్చటి బట్టలు.

ఒంటికి ఆనుకుని చెమట త్వరగా ఆరిపోయే సింథటిక్ టీషర్టు, దాని మీద ఫ్లీస్ (తేలిగ్గా ఉండే వెచ్చటి పైచొక్కా), ఆపైన గాలీ వానా ఆపే జాకెట్. అంతే. పదిరోజులకీ టీషర్టులు మూడు, ప్యాంట్లు రెండు, సాక్సులు నాలుగు జతలు, ఫ్లీస్ ఒకటి, జాకెట్ ఒకటి చాలు. ఇవన్నీ డెకాథ్లాన్ లాంటి షాపులో మన దగ్గరే దొరుకుతాయి, స్విట్జర్లాండ్‌లో కొనాలనుకోకండి. "యాభై ఏళ్ళొచ్చాక నాకు టీషర్టేమిటే" అన్నదాన్ని నేను. మొదటిరోజు కాటన్ చుడీదార్‌తోనే ఎక్కాను. ఎక్కుతున్నంతసేపూ బాగానే ఉంది. గట్టు మీదకి రాగానే గాలి కొట్టింది. వీపంతా తడిసిన కాటన్ ఒక్కసారిగా చల్లబడి పళ్ళు టకటకలాడాయి. మర్నాడు నోరెత్తకుండా అమ్మాయి టీషర్టు అడిగి తీసుకున్నాను. జీన్స్ సంగతీ అంతే, తడిస్తే బరువు, ఓ పట్టాన ఆరదు. గొడుగు అసలు దండగ, మొదటి గాలికే తిరగబడింది.

రాత్రిళ్ళు ఉతుక్కోవడానికి ఒక కిటుకు. పిండిన బట్టని పొడి తువ్వాలులో చుట్టి, ఆ చుట్టని మళ్ళీ గట్టిగా మెలితిప్పాలి. నీళ్ళన్నీ తువ్వాలు లాగేస్తుంది. సింథటిక్ అయితే తెల్లారేసరికి కట్టుకోవచ్చు.

బూట్ల గురించి మాత్రం తాపీగా చెప్పాలి, ఎందుకంటే మా పరువు అక్కడే పోయింది.

మా ఆయన కేదార్‌నాథ్ కోసమని ఎప్పుడో ఎనిమిదేళ్ళ క్రితం మంచి ట్రెకింగ్ బూట్లు కొన్నారు. రెండు సార్లు వేసుకుని, తుడిచి, కాగితాలు కూరి, అట్టపెట్టెలో పెట్టి అటకెక్కించారు. "కొత్తవెందుకు, ఇవి కొత్తవే కదా" అన్నారు. చూడ్డానికి కొత్తవే. గ్రిండెల్వాల్డ్ నుంచి రోప్‌వేలో ఫిర్స్ట్ అనే చోటికి ఎక్కి, అక్కణ్ణుంచి బాక్ఆల్ప్‌జే అనే చెరువుకి నడుస్తున్నాం. చిన్నపిల్లలు కూడా నడిచే సులువైన దారి అది. సగం దూరంలో ఆయన కాలి దగ్గర చప్ చప్ మని చప్పుడు. చూస్తే కుడి బూటు అడుగు మడమ దగ్గర ఊడి నోరు తెరుచుకుంది. పది నిమిషాలకి ఎడమది కూడా. చేత్తో పట్టుకుంటే మధ్యలో ఉన్న నురుగు పొర మరమరాల్లా రాలిపోయింది.

తర్వాత తెలిసిందేమిటంటే, చాలా బూట్ల అడుగున ఉండే ఆ పాలీయురేథేన్ పొర గాలిలో తేమ తగిలి ఏళ్ళు గడిచేకొద్దీ దానంతటదే కుళ్ళిపోతుందట. వేసుకోకుండా దాచినా పోతుంది. సముద్రపు గాలి కొట్టే కాకినాడలో అటక మీద ఎనిమిదేళ్ళు! నా చున్నీ చింపి ఒకదానికి కట్టాను. రెండోదానికి ఏం చేయాలా అని చూస్తుంటే, ఎదురొచ్చిన ఒక పెద్దాయన ఆగి, తన చేతికర్రకి చుట్టి ఉన్న వెడల్పాటి టేపు విప్పి, తనే మోకాళ్ళ మీద కూర్చుని బూటు చుట్టూ చుట్టారు. అక్కడి వాళ్ళు టేపు రోలు మోయకుండా అలా కర్రకి చుట్టి ఉంచుకుంటారట. ఆయనకి ఏం ఇవ్వాలో తోచక సంచిలో ఉన్న జీడిపప్పు పాకం ముక్కలు రెండు చేతిలో పెట్టాను. ఆ సాయంత్రమే గ్రిండెల్వాల్డ్‌లో కొత్త బూట్లు కొన్నాం, 180 ఫ్రాంకులు. అప్పటి లెక్కలో 17 వేల చిల్లర. మా ఆయన ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

కాబట్టి పాతవైతే బయల్దేరే ముందు అడుగుని రెండు చేతులా వంచి చూడండి, పగుళ్ళు కనిపిస్తే వదిలేయండి. కొత్తవైతే కనీసం రెండు వారాలు వేసుకుని తిరగండి. సగం సైజు పెద్దవి తీసుకోవాలి, దిగేటప్పుడు కాలివేళ్ళు ముందుకి గుద్దుకుంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి రెండు చేతికర్రలు తప్పనిసరి. ఎక్కడానికి కాదు, దిగడానికి. వాటిని విమానంలో చెక్‌ఇన్ సామానులో వేయాలి. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి.

దారి బోర్డుల గురించి రెండు ముక్కలు. స్విట్జర్లాండ్‌లో పసుపు గుర్తు ఉంటే మామూలు కాలిబాట. తెలుపు-ఎరుపు-తెలుపు ఉంటే రాళ్ళూ రప్పలూ ఉన్న కొండదారి, మంచి బూట్లు కావాలి. తెలుపు-నీలం-తెలుపు ఉంటే మనలాంటి వాళ్ళం అటు చూడనక్కర్లేదు. బోర్డు మీద కిలోమీటర్లు ఉండవు, సమయం ఉంటుంది. అది ఎక్కడా ఆగకుండా నడిచేవాళ్ళ సమయం. మేం ఫొటోలకి, ఆవుల మెడలో గంటలు వినడానికి, ఆయాసం తీర్చుకోవడానికి ఆగుతూ నడిస్తే వాళ్ళ గంట మాకు గంటన్నర. ఆఖరి రోప్‌వే ఎన్నింటికో ముందే చూసుకోండి. అది దాటిపోతే దిగి రావలసింది కాళ్ళ మీదే.

యుంగ్‌ఫ్రావ్‌యోక్ రైలు ఖరీదైన సంగతి. పూర్తి ధరకైతే మనిషికి 200 ఫ్రాంకులు దాటుతుంది. మేం 120 ఫ్రాంకులు పెట్టి, సగం ధరకి టికెట్లిచ్చే నెల రోజుల హాఫ్ ఫేర్ కార్డు కొన్నాం, ఆ ఒక్క రైలుకే దాదాపు దాని డబ్బులు వచ్చేశాయి. అయినా అసలు కిటుకు వేరే ఉంది. పొద్దున్నే కొండ మీది వెబ్‌క్యామ్ చూడండి. చాలా శిఖరాల దగ్గర కెమెరాలున్నాయి, ఫోన్‌లో ఉచితంగా కనిపిస్తాయి. మేం అనుకున్న రోజు చూస్తే తెల్లటి గోడ, ఇంకేమీ లేదు. ఆ రోజు కింద లౌటర్‌బ్రునెన్ జలపాతాలు చూసి, మర్నాడు వెళ్ళాం. నీలాకాశం, ఎదురుగా ఆలెచ్ హిమానీనదం! ముందే తేదీ ఖాయం చేసుకుని టికెట్ కొన్న ఓ హైదరాబాద్ కుటుంబం మాకు కింద స్టేషన్‌లో కలిసింది. వాళ్ళు చూసింది మాత్రం ఆ తెల్లగోడే. పైన మంచు మీద ఎండ పడి కళ్ళు చెదిరిపోతాయి. నల్లద్దాలు, సన్‌స్క్రీన్, పెదాలకి రాసుకునే క్రీము పైకి తీసి పెట్టుకోండి, సూట్‌కేసు అడుగున కాదు.

తిండి. కందిపొడి, కరివేపాకు పొడి, పులిహోర పేస్టు, వేయించిన ఉప్మా రవ్వ, అటుకులు తీసుకెళ్ళాం, అవన్నీ అక్కరకొచ్చాయి. నెయ్యి సీసా మాత్రం అమ్మాయి సూట్‌కేసులోంచి తీసేసింది. మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం అక్కడికి తీసుకెళ్ళకూడదు. పాలకోవా, నాటుకోడి పచ్చడి లాంటివి కూడా ఇందులోకే వస్తాయి. ధ్రువపత్రం లేకుండా మామిడిపళ్ళు, పచ్చి కరివేపాకు కూడా కుదరదు. ఆవకాయ తీసుకెళ్ళొచ్చు గానీ సీసాలో నిండుగా పోయకండి. విమానంలో ఒత్తిడికి మూత దగ్గర నూనె కారి మా ఆయన రెండు చొక్కాలకి శాశ్వతంగా ముద్ర వేసింది. చిన్న రైస్ కుక్కర్ కూడా మోసుకెళ్ళాను, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ భుజం లాగుతుంది. మేం తీసుకున్న అపార్ట్‌మెంట్‌లో స్టవ్వు, గిన్నెలు అన్నీ ఉన్నాయి. పైగా దాని మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి బోర్డులో దూరదు. ఫోన్ చార్జర్ల సన్న రెండు పిన్నులు మాకు స్విస్ బోర్డుల్లోనూ ఫ్రెంచి బోర్డుల్లోనూ సరిపోయాయి. రెండు దేశాల బోర్డులూ ఒకటి కావు కాబట్టి ఒక యూనివర్సల్ అడాప్టర్ దగ్గరుంచుకోండి.

పెరుగు కొనడంలో జాగ్రత్త. మొదటి రోజు కూప్ అనే సూపర్‌మార్కెట్‌లో అందమైన డబ్బా చూసి కొన్నాం. అన్నంలో కలిపి తాలింపు పెట్టాక నోట్లో పెట్టుకుంటే వెనీలా వాసన! 'నాచూర్' (Nature), అంటే ఏ రుచీ కలపనిదని, రాసి ఉన్నది తీసుకోవాలి. ఆదివారం చాలా షాపులు మూసేస్తారు, పెద్ద స్టేషన్లలో ఉన్నవి మాత్రం తెరిచి ఉంటాయి. నీళ్ళు కొననక్కర్లేదు, కొళాయి నీళ్ళే తాగొచ్చు. ఊళ్ళో రాతి తొట్టెల్లోకి పడే నీళ్ళు కూడా తాగేవే, తాగకూడదన్న బోర్డు లేకపోతే. ఇంకో సంగతి సిగ్గుపడకుండా చెప్పేస్తాను. టాయిలెట్లలో నీళ్ళుండవు. మూతకి చిల్లులు పెట్టిన ఓ చిన్న ప్లాస్టిక్ సీసా హ్యాండ్‌బ్యాగులో పడేసుకుంటే ప్రాణం హాయిగా ఉంటుంది.

గ్రిండెల్వాల్డ్ నుంచి షామొనీ వెళ్ళిన రోజున నాకు 23 కిలోల అర్థం తెలిసింది. ఇంటర్లాకెన్, ష్పీట్స్, విస్ప్, మార్టీనీ, వాలోర్సీన్, ఐదు చోట్ల రైలు మారాలి. మధ్యలో కొన్ని నిమిషాలే టైము. పోర్టర్లు ఉండరు. ష్పీట్స్‌లో నా సూట్‌కేసు చక్రం ఒకటి ఊడింది, రైలు మా కళ్ళముందే కదిలిపోయింది. మా ఆయన ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే నాకు బాధ. నిజానికి కొంప మునగలేదు, అదే టికెట్‌తో తర్వాతి రైలెక్కాం. కానీ అక్కడ బల్ల మీద కూర్చుని, మా పక్కన ఉన్న ముసలి దంపతులని చూశాను. డెబ్బై దాటి ఉంటారు. చెరో వీపు సంచి, అంతే. వాళ్ళవీ పది రోజుల సామాన్లేనట.

ఫ్రాన్స్‌లో అడుగుపెట్టాక ఫ్రాంకులు పోయి యూరోలు వస్తాయి, హాఫ్ ఫేర్ కార్డు చెల్లదు. సిమ్ విషయంలో మాత్రం ఇబ్బంది తిరగేసి వస్తుంది. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు, అందుకని 'యూరప్' అని అమ్మే కొన్ని ప్యాకుల్లో అది ఉండదు. దేశాల జాబితా చదివి కొనండి.

షామొనీలో ఎగూయ్ ద్యు మిది రోప్‌వే ఉంది. ఊరు 1,035 మీటర్ల ఎత్తున ఉంటే ఇది ఇరవై నిమిషాల్లో 3,777 మీటర్లకి చేరుస్తుంది. అంత గబుక్కున ఎక్కితే తల దిమ్మెక్కడం సహజం. మా ఆయనకి బీపీ ఉంది, ముందే డాక్టరుని అడిగి, మాత్రలు స్ట్రిప్పులతో, ఇంగ్లీషు చీటీతో చేతి సంచిలో పెట్టుకున్నాం. పైన మెట్లు మెల్లగా ఎక్కాం, నీళ్ళు తాగుతూ ఉన్నాం. నాకు తలనొప్పి మొదలవగానే దిగిపోయాం. మోబ్లా (Mont Blanc) శిఖరాన్ని తృప్తిగా చూడ్డానికి ముప్పావు గంట చాలు.

ఆఖరి ముందు రోజు రాత్రి లాక్ బ్లాంక్ అనే చెరువు పక్కన, 2,352 మీటర్ల ఎత్తున, కొండ సత్రంలో ఉన్నాం. ఇలాంటివి నెలల ముందే నిండిపోతాయి, మేం ఫిబ్రవరిలోనే బుక్ చేశాం. అందరికీ కలిపి మంచాల గది, రాత్రి భోజనం, పొద్దున్న టిఫిను వాళ్ళే పెడతారు. శాకాహారమని బుక్ చేసేటప్పుడే చెప్పాలి, పైకెళ్ళాక చెబితే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు. దుప్పట్లు ఇస్తారు, కానీ వాటిలో దూరడానికి ఎవరి పల్చటి సంచి వాళ్ళు తెచ్చుకోవాలి. దాన్ని ఫ్రెంచివాళ్ళు వాళ్ళ భాషలో 'మాంసపు సంచి' అంటారని అమ్మాయి చెప్పగానే నాకు ఒళ్ళు జలదరించింది.

షాపులో దాని ధర చూసి నేను ఒప్పుకోలేదు. మా అమ్మ వాయిల్ చీరలు బీరువాలో ఉన్నాయి, ఉతికీ ఉతికీ వెన్నలా మెత్తబడినవి. మూడు తీసి మా వీధి చివర టైలరుకిచ్చి, రెండు మడతలు వేసి, కింది అంచూ ఒక పక్కా కుట్టమన్నాను. తల దగ్గర దిండు దూరడానికి జేబు. ఒక్కోటి మడత పెడితే లంచ్ బాక్సంత కూడా లేదు. పది రోజుల సామాన్లలో మొత్తంగా నేను సరిగ్గా సర్దినది అదొక్కటే.

పైకి లా ఫ్లెజేర్ రోప్‌వే దిగి రెండు గంటలు ఎక్కాలి, మాకు మూడు పట్టింది. జులై అయినా దారిలో అక్కడక్కడా పాత మంచు ఇంకా ఉంది. ఇనప నిచ్చెనల దారి ఒకటుంది, అటు వెళ్ళలేదు. సూట్‌కేసులు కింద హోటల్లో వదిలేసి తలా చిన్న సంచి మాత్రం తెచ్చుకున్నాం. పొద్దున్నే బయల్దేరడం మంచిదైంది, మధ్యాహ్నం రెండు దాటగానే మబ్బు కమ్మి, నాలుగింటికి ఉరుములూ మెరుపులూ. వేసవిలో ఆ కొండల్లో సాయంకాలాలు తరచూ అంతేనట. లోపల కిటికీ దగ్గర కూర్చుని వేడి చాక్లెట్ తాగుతూ చూశాం. ఇంకా దారిలో ఉన్నవాళ్ళు పరిగెత్తుకుంటూ వచ్చారు. ఏదైనా అయితే 112కి ఫోన్ చేయాలని, సిగ్నల్ లేకపోతే నిమిషానికి ఆరుసార్లు ఈల ఊది, నిమిషం ఆగి, మళ్ళీ ఊదాలని అమ్మాయి ముందే మాకు నేర్పింది. ఈల ఊదాల్సిన అవసరం రాలేదు, దేవుడి దయ.

బూట్లు గుమ్మం దగ్గరే విడవాలి, ఆ పద్ధతి మనకి అలవాటే. రాత్రి పదికి దీపాలు ఆర్పేశారు. తలకి కట్టుకునే చిన్న లైటు లేకపోతే బాత్రూముకి దారి దొరకదు. చెవుల్లో దూది పెట్టుకోకపోతే పక్క మంచం గురక వదలదు. అమ్మ చీరలో దూరి పడుకున్నాను. ఉతికినా ఇంకా కుంకుడుకాయ వాసన. తెల్లవారి లేచి చూస్తే చెరువు గట్టున వెనక్కి వంగిన కొమ్ములతో కొండమేకలు రెండు, మమ్మల్ని పట్టించుకోకుండా రాయి నాకుతున్నాయి.

మా ఎదురింటి వాళ్ళు ఈమధ్య స్విట్జర్లాండ్ ప్రయాణం పెట్టుకున్నారు. ఆవిడ సర్దిన సూట్‌కేసు చూసి చెప్పమంటే వెళ్ళాను. తూకం వేశాం, 22 కిలోల 800 గ్రాములు. బూట్లు వంచి చూసి బాగున్నాయన్నాను. నెయ్యి సీసా, రెండు స్వెట్టర్లు, గొడుగు తీయించాను. మా చీర సంచి ఒకటి అరువిచ్చాను. రైస్ కుక్కర్ మీద చెయ్యి వేయబోతే మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు.

"మీరు తీసుకెళ్ళారు కదండీ" అంది.